ఒకే ఆస్తిపై పలు తనఖాలు: ఎవరి బాకీ ముందు తీరుతుంది?

ఒక ఇంటిని గానీ, స్థలాన్ని గానీ హామీగా చూపి ఒకరికంటే ఎక్కువమంది దగ్గర అప్పు తీసుకోవడానికి భారతీయ చట్టంలో అడ్డేమీ లేదు. ఆస్తి విలువ అప్పులన్నింటికీ సరిపోయినంతకాలం ఎవరి తనఖా ముందుదో, ఎవరిది తరువాతిదో ఎవరూ పట్టించుకోరు. వాయిదాలు తప్పి, ఆస్తి వేలానికి వచ్చి, వచ్చిన సొమ్ము అందరికీ చాలని రోజున మాత్రం అంతకుమించిన ప్రశ్న మరొకటి ఉండదు. రుణదాతల హక్కులకు చట్టం నిర్ణయించిన ఈ వరుసను న్యాయ పరిభాషలో ప్రాధాన్యక్రమం అంటారు, బ్యాంకుల్లో ఫస్ట్ ఛార్జ్, సెకండ్ ఛార్జ్ అని వ్యవహరిస్తారు. ఇది బ్యాంకుల లీగల్ విభాగాలు చూసుకోవలసిన వ్యవహారమని అనుకోవడం సాధారణమే గాని, ఆ వరుసలో జరిగిన పొరపాటు చివరకు తాకేది ఇల్లు కొన్నవారిని, తక్కువ జీతంతో రుణం తీరుస్తున్నవారిని, బంధువు కోసం హామీ సంతకం పెట్టినవారిని. వరుస వేలం రోజున తేలదు. అప్పు ఇచ్చిన రోజున, ఆ రోజు చేతులు మారిన కాగితాలను బట్టి తేలుతుంది. అందువల్ల సామాన్యుడు ఏదైనా చేయగలిగిన సమయం కూడా సంతకానికి ముందున్న సమయమే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, తీసుకున్న అప్పుకు హామీగా ఒక నిర్దిష్ట స్థిరాస్తిలో తనకున్న హక్కును రుణదాతకు బదలాయించడమే తనఖా. ఆ సెక్షన్ ఆరు రకాల తనఖాలను పేర్కొన్నప్పటికీ, నేటి ఇళ్ల రుణాల్లో తరచుగా కనిపించేవి రెండే. మొదటిది సాదా తనఖా: ఆస్తి స్వాధీనం యజమాని దగ్గరే ఉండగా, ఇద్దరు సాక్షుల సంతకాలతో తనఖా దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించేది. రెండవది హక్కు పత్రాల డిపాజిట్ ద్వారా ఏర్పడే తనఖా: కోల్‌కతా, చెన్నై, ముంబయి నగరాల్లోనూ, రాష్ట్ర ప్రభుత్వాలు గెజిట్‌లో ప్రకటించిన ఇతర పట్టణాల్లోనూ, అప్పుకు హామీగా ఉంచే ఉద్దేశంతో అసలు దస్తావేజులను రుణదాతకు అప్పగిస్తే చాలు, ప్రత్యేకంగా తనఖా దస్తావేజు రాయకపోయినా తనఖా ఏర్పడుతుంది. అప్పగింత ఆ పట్టణంలో జరగాలే గాని ఆస్తి అక్కడే ఉండాలన్న నియమం లేదు కనుక, మారుమూల ఊరిలోని స్థలం పత్రాలను నగరంలోని శాఖలో డిపాజిట్ చేసినా తనఖా చెల్లుతుంది.

వరుసకు మూలసూత్రం అదే చట్టంలోని 48వ సెక్షన్‌లో ఉంది. ఒకే ఆస్తిపై ఒకే వ్యక్తి వేర్వేరు సమయాల్లో వేర్వేరు హక్కులు సృష్టించినప్పుడు, అవన్నీ పూర్తిగా ఒకేసారి అమలయ్యే వీలు లేకపోతే, తరువాతి హక్కు ముందటి హక్కుకు లోబడి ఉంటుంది. యజమాని ఒకరికి ఇచ్చేసిన హక్కును మరొకరికి మళ్లీ ఇవ్వలేడు గనుక, రెండో రుణదాతకు దక్కేది మొదటి రుణదాత బాకీ తీరగా మిగిలినది మాత్రమే. అప్పు పెద్దదా చిన్నదా, ఇచ్చింది జాతీయ బ్యాంకా, సహకార సంఘమా, పక్క వీధిలోని వడ్డీ వ్యాపారా అన్నదానితో ఈ సూత్రానికి సంబంధం లేదు. రుణదాతలు తమలో తాము ఒప్పందం చేసుకుని ఈ వరుసను మార్చుకోవచ్చు; పెద్ద పరిశ్రమల రుణాల్లో పలు బ్యాంకులు సమాన స్థాయిలో హక్కు పంచుకునే పారి పాసు ఏర్పాటు అలాంటిదే. కంపెనీ మూతపడి లిక్విడేషన్‌లోకి వెళ్లినా మొదటి ఛార్జ్, రెండో ఛార్జ్ మధ్య ఈ తేడా తుడిచిపెట్టుకుపోదని సుప్రీంకోర్టు 2006లో ఐసీఐసీఐ బ్యాంక్, సిడ్కో లెదర్స్ కేసులో తేల్చింది.

తేదీ అంటే ఏ తేదీ?

ముందుది ఏది, తరువాతిది ఏది అని నిర్ణయించేది తేదీయే అయినప్పుడు, ఏ తేదీ అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. రిజిస్ట్రేషన్ తేదీయే లెక్క అన్నది ప్రజల్లో గట్టిగా నాటుకున్న అభిప్రాయం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ చెప్పేది వేరు: రిజిస్టరైన దస్తావేజు, రిజిస్ట్రేషన్ అవసరమే లేకపోతే ఏ సమయం నుంచి అమల్లోకి వచ్చేదో ఆ సమయం నుంచే, అంటే మామూలుగా రాసి సంతకం చేసిన రోజు నుంచే, అమల్లోకి వస్తుంది. దస్తావేజును రాసిన తరువాత రిజిస్ట్రేషన్‌కు సమర్పించడానికి 23వ సెక్షన్ నాలుగు నెలల గడువిస్తుంది. తప్పనిసరి పరిస్థితుల్లో జరిమానాతో మరో నాలుగు నెలల దాకా జాప్యాన్ని మన్నించే వీలును 25వ సెక్షన్ కల్పిస్తుంది.

ఈ రెండు నియమాలను కలిపి చూస్తే ఏమవుతుందో ఒక ఊహా ఉదాహరణతో తెలుసుకోవచ్చు. ఒక యజమాని జనవరి 5న ఒకరికి తనఖా దస్తావేజు రాసి, దానిని మార్చి 20న రిజిస్టరు చేయించాడు. ఈలోగా ఫిబ్రవరి 1న మరొకరికి అదే ఆస్తిపై తనఖా రాసి, అదే రోజు రిజిస్ట్రేషన్ పూర్తి చేశాడు. ఫిబ్రవరి మధ్యలో ఎవరైనా ఈసీ, అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయిస్తే అందులో రెండో తనఖా ఒక్కటే కనిపిస్తుంది, అయినా మార్చి 20 తరువాత వరుసలో ముందు నిలిచేది జనవరి 5 నాటి తనఖాయే. తెలుగు రాష్ట్రాల్లో రాసిన రోజునే రిజిస్టరు చేయించడం వాడుకగా మారింది గనుక ఇలాంటి చిక్కులు తగ్గాయి, కాని చట్టం ఇచ్చిన గడువు చట్టంలో అలాగే ఉంది. అందుకే జాగ్రత్త తెలిసిన న్యాయవాదులు ఒప్పందానికి ముందు తీయించిన ఈసీతో తృప్తిపడకుండా, రిజిస్ట్రేషన్ పూర్తయిన కొన్ని నెలల తరువాత మరోసారి తీయించమంటారు.

హక్కు పత్రాల డిపాజిట్ విషయంలో చిక్కు ఇంకా లోతైనది. నోటి మాటతో జరిగిన ఒప్పందాలపై రిజిస్టరైన దస్తావేజుదే పైచేయి అని రిజిస్ట్రేషన్ చట్టం 48వ సెక్షన్ చెబుతూనే, దానికి ఒక మినహాయింపును కూడా చేర్చింది: హక్కు పత్రాల డిపాజిట్‌తో ఏర్పడిన తనఖా, ఆ తరువాత అదే ఆస్తిపై రాసి రిజిస్టరు చేసిన తనఖా దస్తావేజుపై సైతం నెగ్గుతుంది. డిపాజిట్ సమయంలో రాసుకునే కాగితం, అప్పటికే జరిగిపోయిన అప్పగింతను గుర్తుగా నమోదు చేసుకున్న జ్ఞాపిక మాత్రమే అయితే దానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని, ఆ కాగితమే తనఖా ఒప్పందమైతే రిజిస్ట్రేషన్ తప్పదని సుప్రీంకోర్టు 1950లోనే స్పష్టం చేసింది. ఈ రెంటి పర్యవసానం ఏమిటంటే, రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకాల్లో అక్షరం కూడా లేని ఒక తనఖా, ఆ పుస్తకాల్లో చక్కగా నమోదైన తనఖా కంటే ముందు నిలబడవచ్చు.

ఈసీ చెప్పేది, చెప్పనిది

ఈసీగా అందరికీ తెలిసిన ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఒక నిర్ణీత కాలంలో ఒక ఆస్తికి సంబంధించి రిజిస్టరైన లావాదేవీల జాబితా. ఆ ఆస్తిపై భారం లేదని ప్రభుత్వం ఇచ్చే హామీగా దానిని చదవడం చాలా కుటుంబాలను నష్టపరిచిన అపోహ. రిజిస్టరు కాని డిపాజిట్ తనఖా అందులోకి రాదు. సర్వే నంబరు విభజన జరిగి ఉపసంఖ్య మారినా, మున్సిపాలిటీ ఇంటి నంబరు మార్చినా, పాత వివరంతో నమోదైన తనఖా కొత్త వివరంతో వెతికినప్పుడు దొరక్కపోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో కంప్యూటర్‌లో దొరికే వివరాలు 1983 నుంచే గనుక, అంతకుముందు లావాదేవీల కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని పాత పుస్తకాలనే వెతికించవలసి ఉంటుంది. తనఖా సొమ్ము కోసం దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు 12 ఏళ్లు, తనఖా విడిపించుకోవడానికి యజమానికి ఇచ్చే గడువు 30 ఏళ్లు. కనుక నాలుగైదేళ్ల ఈసీ చూసి ఆస్తి శుభ్రంగా ఉందని నిర్ణయించుకోవడం ప్రమాదకరం.

భారతదేశంలో రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజుకు రిజిస్ట్రేషన్, హక్కుకు కాదు. ఈ తేడా ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువారికి అక్కడి ఇల్లు కొన్నప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: అక్కడి 2002 ల్యాండ్ రిజిస్ట్రేషన్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన తనఖాల వరుసను నిర్ణయించేది రిజిస్టరులో అవి కనిపించే క్రమమే, అవి ఎప్పుడు రాసుకున్నారన్నది కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్ట్ టారెన్స్ ప్రవేశపెట్టిన హక్కు నమోదు పద్ధతి కూడా రిజిస్టరు చెప్పిందే చివరి మాట అన్న సూత్రంపై నిలిచింది. ఆ దారిలో ఆంధ్రప్రదేశ్ 2022లో భూహక్కు చట్టం తెచ్చింది, తీవ్ర వివాదం నడుమ 2024లో దానిని రద్దు చేసింది. ఆ చట్టంపై రైతుల్లో రేగిన ఆందోళనలను కొట్టిపారేయలేం. అయితే ఒకే ఆస్తిపై ఉన్న తనఖాలన్నీ ఒకే పుస్తకంలో కనిపించాలన్న అవసరం ఆ రద్దుతో పోలేదు.

ఆ లోటును కొంతవరకు తీర్చేది సెర్సాయ్. డిపాజిట్ తనఖాలు బయటికి కనిపించకపోవడాన్ని ఆసరా చేసుకుని, ఒకే ఆస్తి పత్రాల నకళ్లతో పలు బ్యాంకుల్లో రుణాలు తీసుకునే మోసాలను అరికట్టేందుకు, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఏర్పాటైన ఈ కేంద్ర రిజిస్ట్రీ 2011 మార్చి 31న పని మొదలుపెట్టింది. బ్యాంకులు, గృహరుణ సంస్థలు తమ తనఖాలను అందులో నమోదు చేస్తాయి. స్వల్ప రుసుము చెల్లించి ఎవరైనా వెతుక్కోవచ్చు. 2016లో ఆ చట్టానికి చేర్చిన నాలుగు-ఏ అధ్యాయం 2020 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చాక ఈ నమోదుకు బలం పెరిగింది. సెర్సాయ్‌లో నమోదు చేసిన తేదీ, సమయం నుంచి అది లోకానికంతటికీ తెలియజేసినట్టేనని, ఆ తరువాత అదే ఆస్తిపై పుట్టిన హక్కుల కంటే ముందు నిలుస్తుందని 26-సి సెక్షన్ చెబుతుంది. నమోదు చేయని రుణదాతకు కోర్టుకు వెళ్లకుండా ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేసే సర్ఫేసీ అధికారం ఉండదని 26-డి చెబుతుంది. అయినా ప్రైవేటు వ్యక్తుల దగ్గర పెట్టిన తనఖాలు సాధారణంగా అక్కడ కనిపించవు. కాబట్టి ఈసీలో లేనిది సెర్సాయ్‌లోనూ, సెర్సాయ్‌లో లేనిది ఈసీలోనూ వెతకాలి. రెండింటిలోనూ లేనిదానిని పట్టించేది ఒక్కటే, అసలు దస్తావేజులు.

అసలు పత్రాలు కళ్లముందు లేకపోవడానికి అమ్మేవారు చెప్పే ప్రతి కారణాన్నీ ఆగి పరిశీలించాలి. పత్రాలు పోయాయని పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, సర్టిఫైడ్ నకలు చూపినంత మాత్రాన అవి మరో రుణదాత బీరువాలో లేవని రుజువు కాదు. తాజా విక్రయ దస్తావేజు ఒక్కటే అసలుది చూపి, లింకు డాక్యుమెంట్లన్నీ జిరాక్స్ కాపీలుగా ఉన్నప్పుడు కూడా ఇదే అనుమానం వర్తిస్తుంది.

టాప్ అప్ రుణం వచ్చినప్పుడు

మొదటి రుణదాతే కొన్నేళ్ల తరువాత అదే ఆస్తిపై మళ్లీ అప్పిచ్చినప్పుడు, ఆ కొత్త మొత్తం కూడా మొదటి వరుసలోనే నిలుస్తుందా అన్నది ఈ అంశమంతటిలో అతి ముఖ్యమైనది, అంతే తరచుగా పొరపడేది. లెక్క సులువుగా ఉండేందుకు వడ్డీని పక్కన పెట్టి చూస్తే, ఒక ఇంటిపై 2018లో ఒక బ్యాంకుకు 40 లక్షల బాకీ ఉంది. 2020లో యజమాని అదే ఇంటిపై ఒక సహకార బ్యాంకు నుంచి రెండో తనఖాగా 15 లక్షలు తీసుకున్నాడు. 2022లో మొదటి బ్యాంకు టాప్ అప్‌గా మరో 10 లక్షలిచ్చింది. మొత్తం బాకీ 65 లక్షలు కాగా, వేలంలో ఖర్చులు పోను చేతికొచ్చింది 58 లక్షలు. ఆస్తి బదిలీ చట్టం 93వ సెక్షన్, తరువాత ఇచ్చిన అప్పును పాత తనఖాకు జోడించి మధ్యలోని తనఖాదారును వెనక్కు నెట్టడాన్ని నిషేధించింది. మధ్యలో మరొకరున్నారని మొదటి బ్యాంకుకు తెలియకపోయినా సరే. ఆ లెక్కన మొదట 40 లక్షలు మొదటి బ్యాంకుకు, తరువాత 15 లక్షలు సహకార బ్యాంకుకు పోగా, మిగిలిన 3 లక్షలు మాత్రమే టాప్ అప్ బాకీకి జమ అవుతాయి.

2018 నాటి పత్రంలో ఒక్క వాక్యం వేరుగా ఉంటే లెక్క మొత్తం తిరగబడుతుంది. భవిష్యత్తులో ఇవ్వబోయే అప్పులకు గానీ, నడుస్తున్న ఖాతా నిల్వకు గానీ తనఖా హామీ అని రాసి, దాని గరిష్ఠ పరిమితి 50 లక్షలని స్పష్టంగా పేర్కొని ఉంటే, 79వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ తనఖా సంగతి తెలిసి రెండో అప్పిచ్చిన సహకార బ్యాంకు, ఆ పరిమితి దాకా మొదటి బ్యాంకు ఎప్పుడు ఏమిచ్చినా దాని వెనకే నిలబడాలి. రిజిస్టరైన తనఖా సంగతి తెలియదనడానికి చట్టం ఒప్పుకోదు, ఎందుకంటే రిజిస్ట్రేషనే తెలియజేయడంతో సమానం. అప్పుడు మొదటి బ్యాంకు 50 లక్షలూ తీసుకుంటుంది, సహకార బ్యాంకుకు దక్కేది 8 లక్షలు. రెండు లెక్కల్లోనూ యజమాని మీద మిగిలే బాకీ 7 లక్షలే అయినా, ఎవరికి బాకీ పడతాడన్నది మారిపోతుంది. సహకార బ్యాంకు అప్పుకు మాత్రమే హామీ సంతకం చేసిన బావమరిదికో, స్నేహితుడికో ఆ మార్పు చాలా పెద్దది: మొదటి లెక్కలో అతనిపై అసలు భారమే లేదు, రెండో లెక్కలో 7 లక్షలూ అతని మెడకు చుట్టుకుంటాయి. హామీ అడిగినవారి వ్యక్తిత్వం ఎంత గొప్పదైనా, వారి పాత తనఖా పత్రంలోని గరిష్ఠ పరిమితి వాక్యాన్ని చూడకుండా సంతకం చేయకూడదనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

ముందు వచ్చినవాడు ఎల్లప్పుడూ ముందే ఉంటాడని కూడా లేదు. ముందటి తనఖాదారు చేసిన మోసం, తప్పుడు మాట లేదా ఘోర నిర్లక్ష్యం వల్ల మరొకరు ఆ ఆస్తిని నమ్మి అప్పివ్వడం జరిగితే, ముందటివాడు ఆ రెండోవాడి వెనక్కు పోతాడని 78వ సెక్షన్ చెబుతుంది. ఏదో పని ఉందన్న యజమాని మాట నమ్మి అసలు దస్తావేజులు చేతికిచ్చి, నెలల తరబడి తిరిగి అడగకుండా ఊరుకుంటే, యజమాని వాటినే చూపి ఇంకొకరి దగ్గర అప్పు తీసుకున్న సందర్భం ఈ కోవలోకి రాగలది. చిన్నపాటి ఏమరుపాటు దీనికి చాలదు. సాధారణ వివేకం ఉన్న ఏ రుణదాతా చేయనంతటి అజాగ్రత్త ఉండాలి.

ఒక బ్యాంకు గృహరుణాన్ని మరో బ్యాంకుకు మార్చుకునే టేకోవర్ వ్యవహారంలో ఇంకొక సున్నితమైన అంశం ఉంది. కొత్త బ్యాంకు పాత బ్యాంకుకు చెక్కు ఇచ్చిన రోజుకూ, పాత బ్యాంకు నుంచి అసలు పత్రాలు వచ్చి కొత్త డిపాజిట్ జరిగే రోజుకూ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ ఆస్తిపై అప్పటికే రెండో తనఖా ఉంటే, పాత బ్యాంకు తప్పుకోగానే ఆ రెండో రుణదాత మొదటి స్థానానికి వచ్చి, కొత్త బ్యాంకు అతని వెనక నిలబడే పరిస్థితి రావచ్చు. దీనికి విరుగుడు 92వ సెక్షన్‌లో ఉంది: తనిచ్చిన సొమ్ముతో పాత తనఖా విడుదలైనవాడు, పాత తనఖాదారు స్థానంలోకి తాను వచ్చేలా యజమాని రిజిస్టరు దస్తావేజు ద్వారా ఒప్పుకుంటే, ఆ పాత వరుసనే పొందుతాడు. రుణం మార్చుకునేటప్పుడు బ్యాంకు ఇలాంటి దస్తావేజు అడిగితే అది అదనపు ఖర్చుగా తోచినా, దాని అవసరం ఇదీ.

తనఖాల వరుసలోకి తనఖాదారులు కానివారు కూడా చొరబడతారు. ఆస్తి పన్ను బకాయిలకు చాలా పురపాలక చట్టాలు ఆస్తిపైనే మొదటి భారాన్ని కల్పిస్తాయి. రాష్ట్ర చట్టం అమ్మకం పన్ను బకాయికి మొదటి భారం అని రాస్తే బ్యాంకు తనఖా కూడా దాని వెనకే ఉంటుందని సుప్రీంకోర్టు 2009లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, కేరళ రాష్ట్రం కేసులో తీర్పునిచ్చింది. 2020 నుంచి అమల్లో ఉన్న సర్ఫేసీ చట్టం 26-ఇ సెక్షన్, సెర్సాయ్‌లో నమోదైన రుణదాత బాకీ పన్నులకంటే, ఇతర ప్రభుత్వ బకాయిలకంటే ముందు తీరాలని చెప్పి ఆ స్థితిని మార్చింది. యజమాని కంపెనీ అయితే, 2013 కంపెనీల చట్టం 77వ సెక్షన్ కింద ఛార్జ్‌ను కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర కూడా నమోదు చేయాలి. చేయకపోతే లిక్విడేటరు ముందు, ఇతర రుణదాతల ముందు అది చెల్లదు. బిల్డరు కంపెనీ దగ్గర ఫ్లాటు కొనేవారు ఈసీతో పాటు ఆ రికార్డునూ చూడవలసి రావడం ఇందువల్లనే.

ఫ్లాటు కొనుగోలుదారుకు 2016 నాటి రెరా చట్టం ఇచ్చిన రక్షణ విలువైనది. విక్రయ ఒప్పందం చేసుకున్నాక ఆ ఫ్లాటును బిల్డరు తనఖా పెట్టకూడదు, పెట్టినా అది కొనుగోలుదారు హక్కును తాకదు అని 11వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. అయితే ఒప్పందానికి ముందే ప్రాజెక్టు స్థలమంతా ఒక బ్యాంకుకు తనఖాలో ఉంటే ఈ నియమం ఆదుకోదు. అందువల్ల బయానా ఇవ్వడానికి ముందే ఆ బ్యాంకు నుంచి, ఫలానా ఫ్లాటు నంబరు పేర్కొంటూ, సొమ్ము ఫలానా ఖాతాలో జమ అయితే ఆ ఫ్లాటును తనఖా నుంచి విడిచిపెడతామన్న ఎన్‌ఓసీ తీసుకోవాలి. ప్రాజెక్టు మొత్తానికి రాసిన సాధారణ లేఖ ఇందుకు చాలదు.

వ్యవసాయ భూమి దారి వేరు. సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిపై హామీని ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది గనుక, రైతు పొలాన్ని కోర్టు ప్రమేయం లేకుండా ఆ చట్టం కింద బ్యాంకు స్వాధీనం చేసుకోలేదు. సాగు ఆగిపోయిన భూమి, లేఅవుట్‌గా మారిన భూమి నిజంగా వ్యవసాయ భూమేనా అన్న తగవులు మాత్రం తరచుగా కోర్టుకెక్కుతాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి భూరికార్డుల పోర్టల్ కాలం నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయంలో జరుగుతున్నాయి. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి కింద కూడా పొలం సంగతి తహసీల్దారు కార్యాలయంలోనే వెతకాలి, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన ఈసీ ఒక్కటి చూసి ఆగిపోకూడదు.

రెండో వరుసలో ఉన్న రుణదాత నిస్సహాయుడేమీ కాడు. మొదటివాడి బాకీ తీర్చి అతని తనఖాను విడిపించే హక్కు ఆస్తి బదిలీ చట్టం 91వ సెక్షన్ రెండోవాడికిస్తుంది. మొదటివాడి చేతిలో ఇల్లు, ఖాళీ స్థలం రెండూ హామీగా ఉండి, రెండోవాడికి ఖాళీ స్థలం మాత్రమే ఉంటే, వీలైనంతవరకు ఇంటి మీదనే బాకీ రాబట్టుకోమని మొదటివాడిని కోరే వెసులుబాటు అదే చట్టం 81వ సెక్షన్ కల్పిస్తుంది, మొదటివాడికి నష్టం రానంత మేరకు. సివిల్ కోర్టులో తనఖా దావా వేసేవారు ఆస్తిలో ఆసక్తి ఉన్నవారందరినీ, అంటే తరువాతి తనఖాదారులనూ, పార్టీలుగా చేర్చాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ ఆర్డర్ చెబుతుంది. వేలంలో కొనేవారు ఈ సంగతి ప్రత్యేకంగా పరిశీలించాలి: పార్టీగా చేర్చని రెండో తనఖాదారు విడిపించుకునే హక్కు వేలంతో చావదు, కొన్నవారి మీదకు వస్తుంది.

విదేశాల్లో ఉండి హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఆస్తి నిర్వహణను బంధువులకు అప్పగించే తెలుగువారు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలో తనఖా పెట్టే అధికారం కూడా ఉందో లేదో వాక్యం వాక్యం చదివి తెలుసుకోవాలి. అమ్మకానికి, అద్దెకు, పన్ను చెల్లింపుకు అధికారమిచ్చే ముసాయిదాల్లో ఆ ఒక్క మాట మామూలుగా చేరిపోతుంది. అసలు దస్తావేజులు కూడా ఆ బంధువు దగ్గరే ఉంటే, యజమానికి తెలియకుండానే ఒక మొదటి తనఖా చెల్లుబాటయ్యే స్థితి ఏర్పడుతుంది. ఆ అధికారం అవసరం లేనప్పుడు తనఖా పెట్టకూడదని పత్రంలోనే రాయించి, దస్తావేజులను వేరొక చోట భద్రపరచడం మంచిది.

తనఖాలో ఉన్న ఇంటిని కొనేవారు మొత్తం ధరను అమ్మేవారి చేతికిచ్చి, బ్యాంకు బాకీ వారే తీరుస్తారని నమ్మకూడదు. బ్యాంకు నుంచి ఆ తేదీకి ఉన్న పూర్తి బాకీని తెలిపే లేఖ తీసుకుని, అంత మొత్తానికి డిమాండ్ డ్రాఫ్టు బ్యాంకు పేరనే తీసి, మిగిలినది మాత్రమే అమ్మకందారుకు చెల్లించడం సురక్షితమైన పద్ధతి. ఆ లేఖలో గృహరుణం సంఖ్య ఒక్కటే ఉందా, లేక అదే ఆస్తి హామీగా ఉన్న టాప్ అప్, ఓవర్‌డ్రాఫ్ట్, అమ్మకందారు హామీ ఇచ్చిన వ్యాపార రుణం కూడా చేరాయా అని అడిగి రాయించుకోవాలి, ఎందుకంటే వీటిలో ఒక్కటి మిగిలినా బ్యాంకు పత్రాలు ఇవ్వదు.

రుణం తీరిపోయిన తరువాత కూడా పని కొంత మిగిలి ఉంటుంది. 2023 సెప్టెంబరు 13న రిజర్వ్ బ్యాంకు జారీ చేసి, అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమలు చేసిన ఆదేశాల ప్రకారం, రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో రుణసంస్థ అసలు పత్రాలన్నీ తిరిగిచ్చి, రిజిస్ట్రీల్లో నమోదైన ఛార్జ్‌లను తొలగించాలి. తన కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. పత్రాలు తీసుకునేటప్పుడు డిపాజిట్ చేసిన నాటి జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. తనఖా రిజిస్టరైనదైతే విడుదల దస్తావేజును కూడా రిజిస్టరు చేయించి, ఆ నమోదు ఎక్కిన ఈసీని, సెర్సాయ్‌లో ఛార్జ్ తొలగినట్టు చూపే వెతుకులాట పత్రాన్ని తీయించి, నో డ్యూ సర్టిఫికెట్‌తో కలిపి ఆ దస్తావేజుల వెంటే ఉంచాలి. మళ్లీ ఆ ఆస్తిపై అప్పు ఇవ్వబోయే బ్యాంకు మొదట అడిగేది ఆ మూడు కాగితాలనే.